కుర్ర జునిపర్‌ను బోన్సాయ్‌గా మలచడం: కత్తెర కన్నా ముందు వైర్

కుండీలోనే చిన్నగా పెంచి పెద్ద చెట్టు రూపం తెచ్చే బోన్సాయ్ కోసం తెచ్చుకున్న నా మొదటి జునిపర్ మొక్కను నేనే చంపుకున్నాను. తెచ్చిన రోజే కత్తెర పట్టుకుని కూర్చున్నాను, గంటలో ముప్పాతిక వంతు పచ్చదనం నేలమీద కుప్పపడింది, కొమ్మల చివర్లలో మాత్రం చిన్న చిన్న కుచ్చులు మిగిలాయి. అబ్బ, అచ్చం బోన్సాయ్ లాగే ఉందనుకుని అదే ఊపులో వేర్లు కూడా కత్తిరించి లోతు తక్కువ కుండీలోకి మార్చేశాను. నెలన్నర దాకా పచ్చగానే ఉంది, వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయాను. ఆ తర్వాత ఒక్క వారంలో రంగు పాలిపోయింది, ముట్టుకుంటే ఆకు గరగరలాడింది. అది చచ్చి అప్పటికే చాలా రోజులైంది. జునిపర్‌తో వచ్చే చిక్కే ఇది, ప్రాణం పోయాక కూడా వారాల తరబడి పచ్చగా కనిపిస్తుంది, ఏ పని వల్ల చచ్చిందో మనకి అర్థమయ్యేలోపు ఆ పని చేసిన సంగతే మర్చిపోతాం.

కొత్తవాళ్లు చాలామంది చేసే పొరపాటే నేనూ చేశాను. మలచడం అంటే కత్తిరించడం అనుకున్నాను. నిజానికి కుర్ర మొక్కకి రూపం ఇచ్చేది కొమ్మకి చుట్టి వంచే వైర్, కత్తెర ఆఖరున వచ్చి కాస్త సర్దుతుందంతే. అందుకే ఈ గైడ్ అంతటా ఒకే మాట పట్టుకుని వెళ్తాను: ఏదైనా కొమ్మ అడ్డంగా ఉంది, తీసెయ్యాలి అనిపిస్తే ముందు దాన్ని వంచి చూడండి.

ఏ మొక్కతో మొదలుపెట్టాలి

కోనిఫర్లు, అంటే సూదుల్లాంటివో పొలుసుల్లాంటివో ఆకులుండి కాయలు కాసే ఈ జాతిలో కొత్తవాళ్లకి జునిపర్‌ను మించింది లేదు. నేలమీద పాకే ప్రొకంబెన్స్ నానా రకం గానీ, చైనీస్ జునిపర్ రకాలు గానీ తీసుకోండి. జపాన్‌వాళ్లు ప్రాణంగా చూసుకునే షింపాకు కూడా చైనీస్ జునిపర్ కుటుంబమే. వీటి కొమ్మలు బాగా వంగుతాయి, కాస్త చీలినా తట్టుకుంటాయి. పైన్ కూడా మంచిదే కానీ దానికి ఏటా చిగుళ్లు ఎప్పుడు తుంచాలి, ఎన్ని ఉంచాలి అన్న లెక్క వేరే ఉంటుంది, మొదటి మొక్కకి అంత తలనొప్పి ఎందుకు?

బోన్సాయ్ అని పేరు పెట్టి అమ్మే చిన్న కుండీ మొక్క వద్దు. పైన గులకరాళ్లు జిగురుతో అతికించి ఉంటే అసలే వద్దు, నీళ్లు సరిగా దిగవు, లోపల వేర్లు ఉన్నాయో కుళ్లాయో కనిపించదు. మామూలు నర్సరీ కుండీలో పెరిగిన, కాండం పెన్సిల్ మందం నుంచి బొటనవేలు మందం దాకా ఉన్న, గుబురుగా ఆరోగ్యంగా ఉన్న మొక్క తీసుకోండి. ఎంచుకునేటప్పుడు పైన ఆకు చూసి మోసపోవద్దు, ఆకుల్ని పక్కకి తప్పించి కాండం మొదలు చూడండి. కింద కాస్త లావుగా ఉండి పైకి పోయేకొద్దీ సన్నబడుతుంటే, నేలకి దగ్గరలోనే కొమ్మలుంటే, కొమ్మల లోపలి వైపు కూడా పచ్చదనం ఉంటే సగం పని అయినట్టే. ఆకంతా చివర్లలోనే ఉండి లోపలంతా బోడిగా ఉన్నది మాత్రం ఎంత అందంగా కనిపించినా వదిలెయ్యండి. ఎందుకో కింద చెప్తాను.

ఇంకో మాట. జునిపర్ ఇంట్లో పెట్టుకునే మొక్క కాదు. కిటికీ పక్కన కొన్నాళ్లు బతికినట్టు కనిపిస్తుంది, అంతే. దానికి ఆరుబయట ఎండ, గాలి, చలికాలంలో చలి కావాలి.

ఎప్పుడు చెయ్యాలి

శరదృతువు చివర నుంచి వసంతం ఇంకా మొదలవకముందు దాకా మంచి కాలం. అప్పుడు మొక్క నెమ్మదిగా ఉంటుంది, తీసిన చోట జిగురు తక్కువ కారుతుంది, వైర్ పెట్టిన వెంటనే కొమ్మ లావెక్కి బిగుసుకుపోదు. చిగుళ్లు ఉధృతంగా వచ్చే వసంతంలో బెరడు కింద ఉండే పచ్చపొర తడితడిగా వదులుగా ఉంటుంది, అప్పుడు గట్టిగా వంచితే బెరడు చెక్క మీద నుంచి జారిపోతుంది. పైకి ఏమీ కనిపించదు, రెండు నెలల తర్వాత కొమ్మ ఎండుతుంది. నడి ఎండాకాలంలో కూడా పెద్ద పని పెట్టుకోవద్దు. గడ్డకట్టే చలి ఉన్న రోజుల్లో వంచితే కొమ్మలు పెళుసుగా విరుగుతాయి, అది కూడా తప్పించుకోండి.

కుండీ మార్చడం, రూపం దిద్దడం ఒకే సీజన్‌లో చెయ్యకూడదు. వేర్లకి ఒక దెబ్బ, పైన ఒక దెబ్బ ఒకేసారి తగిలితే కోలుకోవడానికి దానికి మిగిలేదేమీ లేదు. ఈ ఏడాది వైర్ చుట్టారంటే కుండీ సంగతి వచ్చే వసంతానికి వాయిదా.

సామాను

బోన్సాయ్ కోసం అమ్మే మెత్తటి అల్యూమినియం వైర్ కావాలి, సాధారణంగా గోధుమ రంగులోనో నల్లగానో ఉంటుంది. 1, 1.5, 2, 2.5, 3 మిల్లీమీటర్ల మందాలు ఉంటే కుర్ర మొక్కకి సరిపోతుంది, ఎక్కువ ఖర్చయ్యేది 1.5, 2 మాత్రమే. రాగి తీగ ఇంకా గట్టి పట్టు ఇస్తుంది, సన్నగా ఉండి కంటికి కనబడదు, కానీ దాన్ని ముందుగా కాల్చి మెత్తబరచాలి, ఒకసారి వంచాక గట్టిపడిపోతుంది కాబట్టి చుట్టింది తప్పయితే సరిచెయ్యడం కష్టం. నేర్చుకునేవాళ్లకి అల్యూమినియమే. ఇనప తీగ వద్దు, తుప్పు పడుతుంది, వంచడానికీ మొండిగా ఉంటుంది.

ఇంకా ఒక పదునైన సన్న కత్తెర, మొన తిన్నగా ఉన్న వైర్ కట్టర్, మట్టి కెలకడానికి ఒక చాప్‌స్టిక్, లోపలి చెత్త తియ్యడానికి ట్వీజర్. తిరిగే బల్ల ఉంటే సుఖం, లేకపోతే పాత పళ్లెం బోర్లించి దానిమీద కుండీ పెట్టి తిప్పుకోండి.

మొదట చూడటం, తర్వాతే ముట్టుకోవడం

చాప్‌స్టిక్‌తో పైమట్టిని నెమ్మదిగా కెలుకుతూ తియ్యండి. నర్సరీ మొక్కల్లో కాండం అసలు మొదలు 2, 3 సెంటీమీటర్లు లోపల పూడుకుపోయి ఉండటం మామూలే. అక్కడ కాండం వెడల్పై నాలుగు వైపులా వేర్లు పాకుతుంటాయి, దీన్నే నెబారి అంటారు, చెట్టుకి వయసొచ్చినట్టు కనిపించేది చాలా వరకు ఇక్కడే. సన్నటి పీచు వేర్లు నాలుగు పోయినా ఫర్వాలేదు, లావు వేరు మాత్రం ఈరోజు కొయ్యొద్దు.

ఇప్పుడు లోపల ఎండిపోయిన ఆకు, గోధుమ రంగు తుక్కు, చచ్చిన పుల్లలు ఏరెయ్యండి. ఈ పనికే అరగంట పడుతుంది. విసుగనిపించినా వదలకండి, ఎందుకంటే కాండం ఎటు వెళ్తోందో, ఏ కొమ్మ ఎక్కడ పుట్టిందో మొదటిసారి అప్పుడే కనిపిస్తుంది.

తర్వాత మొక్కను కళ్లకి ఎదురుగా, అదే ఎత్తులో పెట్టుకుని చుట్టూ తిప్పండి. ముఖం ఎటో తేల్చుకోవాలి. నేను మూడు చూస్తాను: వేర్లు ఎటునుంచి వెడల్పుగా కనిపిస్తున్నాయి, కాండం వంపు ఎటునుంచి బాగుంది, చెట్టు తల కాస్త నా వైపు వంగి పలకరిస్తున్నట్టు ఎటునుంచి ఉంది. మూడూ ఒకే వైపు దొరకడం అరుదు, వేర్లు, వంపు కుదిరితే చాలు, తలని వైర్‌తో తెచ్చుకోవచ్చు. ముఖం కుదిరాక అక్కడ మట్టిలో ఒక పుల్ల గుచ్చండి. లేదంటే పని మధ్యలో కుండీ తిరిగిపోయి ఏది ముందో మర్చిపోతారు, నాకు ఇప్పటికీ జరుగుతుంది.

ఫోన్‌తో ఫొటో తీసి దానిమీదే వేలితో గీతలు గీసుకుంటే చాలా ఉపయోగం. కాండం ఎటు వంగాలి, ఏ కొమ్మ ఎంత దిగాలి అని నాలుగు రకాలుగా గీసి చూడండి. గీతకి ఖర్చు లేదు.

ఏం తియ్యొచ్చు, ఏం తియ్యకూడదు

ఒకసారికి మొత్తం పచ్చదనంలో మూడో వంతు కన్నా ఎక్కువ తియ్యొద్దు. ఆకురాల్చే చెట్లు ఎంత కొట్టినా వేర్లలో, చెక్కలో దాచుకున్న బలంతో మళ్లీ చిగురిస్తాయి. జునిపర్ బలం చాలావరకు ఆకులోనే ఉంటుంది. ఆకు తీస్తే దాని తిండీ పోయింది, నిల్వా పోయింది. అంతకన్నా ముఖ్యమైనది, ఆకు పూర్తిగా పోయిన ముదురు కొమ్మ మీద జునిపర్ దాదాపుగా మళ్లీ చిగుర్చదు. కొమ్మ బతకాలంటే దాని మీద ఎక్కడో ఒకచోట పచ్చదనం ఉండాల్సిందే. లోపల బోడిగా ఉన్న మొక్క కొనొద్దన్నది ఇందుకే.

తియ్యడానికి సందేహం అక్కర్లేనివి కొన్ని ఉన్నాయి. ఒకే చోట చక్రంలా మూడు నాలుగు కొమ్మలు పుట్టి ఉంటే రెండు మించి ఉంచకండి, వదిలేస్తే అక్కడ కాండం బొడిపెలా ఉబ్బి, కింద సన్నం పైన లావు అయిపోతుంది. కొమ్మ గుబ్బలో, అంటే కొమ్మ కాండం కలిసే సందులో, పుట్టిన చిన్న రెమ్మలు, కొమ్మ అడుగు నుంచి నిలువుగా కిందికి వేలాడేవి, కాండం వంపు లోపలి గుంటలో పుట్టినవి కూడా పోవచ్చు. పైభాగంలో కింది కొమ్మలకన్నా లావెక్కిన మొండి కొమ్మ ఉంటే అదీ పోవాలి.

మిగతావన్నీ అనుమానపు కేసులే, వాటిని ఇప్పుడు కొయ్యొద్దు. ముందుకి పొడుచుకొచ్చిన కొమ్మ పక్కకి తిరగొచ్చు. మరీ పొడవైనది మెలికలు తిరిగి పొట్టిదవుతుంది. పైన ఖాళీ ఉన్నచోటికి కింది కొమ్మ రెమ్మ ఎక్కి కూర్చోవచ్చు. వైర్ చుట్టడం అయ్యాక కూడా అడ్డంగానే ఉంటే అప్పుడు తియ్యండి. నా అనుభవంలో మొదట తీసెయ్యాలనుకున్న వాటిలో సగం మిగిలిపోతాయి, వాటిలో ఒకటి చెట్టుకే అందం తెచ్చేది అవుతుంది.

కొమ్మ తీసేటప్పుడు కాండానికి సమంగా కొయ్యకుండా 2, 3 సెంటీమీటర్ల మోడు వదలండి. దాని బెరడు ఒలిచేస్తే ఎండి తెల్లబడి పిడుగు పడి మాడిన కొమ్మలా ఉంటుంది, దీన్ని జిన్ అంటారు, జునిపర్‌కి బాగా నప్పుతుంది. నచ్చకపోతే తర్వాత ఎప్పుడైనా తీసెయ్యొచ్చు, తీసింది మాత్రం మళ్లీ అతికించలేం.

వైర్ ఎంపిక

వంచబోయే చోట కొమ్మ మందంలో మూడో వంతు మందమున్న వైర్ అన్నది మొదటి లెక్క. 6 మిల్లీమీటర్ల కొమ్మకి 2 మిల్లీమీటర్ల వైర్. పరీక్ష ఇంకోటి ఉంది, జానెడు వైర్ ముక్క చివరను కొమ్మకి ఆనించి నెట్టండి. కొమ్మ కదిలి వైర్ వంగకపోతే సరిపోతుంది, వైరే ముందు వంగిపోతే ఇంకాస్త లావుది కావాలి. పొడవు కొమ్మ పొడవుకి ఒకటిన్నర రెట్లు తీసుకోండి. పొదుపు చేసి పొట్టిగా కత్తిరిస్తే ఆఖరి రెండు చుట్లకి చాలక మొత్తం విప్పాల్సి వస్తుంది, విప్పేటప్పుడే రెమ్మలు విరుగుతాయి.

పని మొదలుపెట్టే ముందు ఒక రోజు నీళ్లు తగ్గించండి, నీళ్లు తాగి బిగుసుకున్న కొమ్మకన్నా కాస్త దాహంగా ఉన్న కొమ్మ తేలిగ్గా వంగుతుంది. ఎండబెట్టమని కాదు, ఆ రోజు పొద్దున పొయ్యకుండా పని అయ్యాక పొయ్యమని.

కాండానికి చుట్టడం

ఎప్పుడూ లావు నుంచి సన్నానికి, కింద నుంచి పైకి. ముందు కాండం, తర్వాత పెద్ద కొమ్మలు, ఆఖరున రెమ్మలు.

వైర్ చివరను చెట్టు వెనక వైపు కాండం పక్కనే మట్టిలోకి కుండీ అడుగు దాకా గుచ్చండి. ఈ లంగరు కదిలితే పైన చేసిందంతా దండగ. అక్కడి నుంచి సుమారు 45 డిగ్రీల వాలులో పైకి చుట్టుకుంటూ వెళ్లండి. స్ప్రింగ్‌లా దగ్గర దగ్గరగా చుడితే పట్టు రాదు, తాడు విసిరినట్టు దూరం దూరంగా చుట్టినా రాదు. ఒక చేతి వేళ్లు చుట్టినంత వరకు గట్టిగా పట్టుకుని ఉండాలి, రెండో చెయ్యి వైర్‌ను తిప్పాలి, చుట్టు ముందుకి పోయేకొద్దీ పట్టుకున్న చెయ్యి కూడా వెంట జరగాలి. వైర్ బెరడుకి ఆనాలి, కానీ బెరడును నొక్కకూడదు. చుట్టేటప్పుడు ఆకు కింద ఇరుక్కుంటే ఆగి, ట్వీజర్‌తో బయటికి లాగి, అప్పుడు ముందుకి పదండి. ఇరుక్కున్న రెమ్మ నెలలో గోధుమ రంగు అవుతుంది.

ఒక వైర్ చాలకపోతే అదే మందం రెండోది మొదటిదాని పక్కనే ఆనుకుని, అదే వాలులో వెళ్లాలి. ఒకదానిమీద ఒకటి అడ్డంగా దాటకూడదు. దాటిన చోట కింది వైర్ బెరడులోకి దిగుతుంది, పై వైర్ గాల్లో ఉంటుంది, రెండూ పని చెయ్యవు.

వంచడం

వైర్ ఎక్కడ ఉండాలన్నది ముందే ఆలోచించాలి. వంపు బయటి వైపు మీద ఒక చుట్టు కచ్చితంగా పడాలి, ఎందుకంటే సాగి చీలేది ఆ వైపే, వైర్ దాన్ని వెనకనుంచి పట్టుకుంటుంది. రెండు బొటనవేళ్లు పక్కపక్కన వంపు లోపలి వైపు ఆనించి, మిగతా వేళ్లతో అటు ఇటు పట్టుకుని నెమ్మదిగా వంచండి. కాస్త వంచి ఆగండి, మళ్లీ కాస్త. కిర్రుమన్న చప్పుడు వినిపిస్తే అక్కడితో ఆపెయ్యాలి. వెనక్కి తిప్పి మళ్లీ వంచి, ఇలా అటూ ఇటూ ఆడించకండి. ఒక వంపు ఒక్కసారే. ఇంకా కావాలనిపిస్తే రెండు మూడు వారాలాగి ఇంకొంచెం వంచుకోవచ్చు.

కాండానికి వంపులు పెట్టమంటే అందరూ మొదట పాములా, ఒకే కొలతలో, ఎడమ కుడి ఎడమ కుడి అని పెట్టేస్తారు. ముందునుంచి చూస్తే మెలికలు, పక్కనుంచి చూస్తే గీత గీసినట్టు నిటారు. అలా వద్దు. మొదటి వంపు నేలకి దగ్గరగా, పెద్దగా. తర్వాత వంపుకి వంపుకి దూరం తగ్గుతూ పోవాలి. ఎడమకి వంగినది కుడికి తిరిగేటప్పుడు కాస్త వెనక్కో ముందుకో కూడా పోవాలి. కొమ్మలు వంపు బయటి వైపు ఉండేలా చూసుకోండి. తల చివరకి మొదలు మీదికి తిరిగొచ్చి, కాస్త ముందుకి వంగి ఆగాలి. జపాన్‌వాళ్లు మోయోగి అనే ఈ వంపుల నిలువు రూపం కొత్త చేతికి బాగా కుదురుతుంది. కొండ అంచున వేలాడే రూపాలు, గాలికి ఒరిగిన రూపాలు తర్వాత.

చీలితే టెన్షన్ పడకండి. సన్నటి పగులైతే కాస్త వెనక్కి వదిలి, పగులు మూసుకునేలా అంటుకట్టే టేప్ చుట్టి, ఆ కొమ్మను ఈ ఏడాదికి మర్చిపోండి. సగం చీలినా ఒక వైపు బెరడు కలిసి ఉంటే జునిపర్ చాలాసార్లు బతికించుకుంటుంది. పూర్తిగా విరిగితే మీకు ఒక జిన్ దొరికింది.

కొమ్మలు

ఒకే మందమున్న, దగ్గర దగ్గరగా ఉన్న రెండు కొమ్మల్ని ఎంచుకుని ఒకే వైర్‌తో చుట్టండి. వైర్ మధ్యభాగం కాండం చుట్టూ కనీసం ఒక చుట్టు తిరగాలి, ఒక సగం ఈ కొమ్మ మీదికి, ఇంకో సగం ఆ కొమ్మ మీదికి. ఇలా చేస్తే ఒకదానికి ఇంకోటి లంగరు. మధ్యలో చుట్టు లేకుండా నేరుగా ఒకదాన్నుంచి ఇంకోదానికి పోతే ఇది కిందికి దించినప్పుడు అది పైకి లేస్తుంది, తక్కెడలా ఆడుతూ ఉంటుంది. కిందికి దించాల్సిన కొమ్మకి మొదటి చుట్టు కొమ్మ పైభాగం మీదుగా పోవాలి, పైకి లేపాల్సినదానికి అడుగు నుంచి. పైన చెప్పిన వంపు బయటి వైపు సూత్రమే ఇది.

కొమ్మలు ఎందుకు దించుతామో తెలిస్తే ఎంత దించాలో కూడా తెలుస్తుంది. కుర్ర చెట్టు కొమ్మలు వెలుతురు కోసం పైకి చాచుతాయి. వయసొచ్చిన కోనిఫర్ కొమ్మలు ఏళ్ల తరబడి సొంత బరువుకి, మంచు బరువుకి కిందికి వాలి ఉంటాయి. కొమ్మ వాలు చూసే మన కన్ను వయసు లెక్కేస్తుంది. కాబట్టి వాలు కాండం దగ్గరే మొదలవ్వాలి. కొత్తవాళ్ల కొమ్మలు కాండం నుంచి పైకి లేచి మధ్యలో గొడుగు కమ్మిలా వంగి కిందికి దిగుతాయి, అది దూరం నుంచే తెలిసిపోతుంది. కింది కొమ్మ బాగా వాలాలి, మధ్యవి కాస్త తక్కువ, పై కొమ్మలు దాదాపు అడ్డంగా, తల దగ్గరవి కుర్ర కొమ్మల్లా పైకి ఉన్నా సరే.

మొదటి కొమ్మ చెట్టు ఎత్తులో సుమారు మూడో వంతు దగ్గర, తర్వాతిది రెండో వైపు, ఇంకోటి వెనక్కి. వెనక కొమ్మను చాలామంది తీసేస్తారు, ముందునుంచి కనబడదు కదా అని. అదే లోతు ఇచ్చేది, అది లేకపోతే చెట్టు గోడకి అంటించిన బొమ్మలా ఉంటుంది. ఈ లెక్కలు చట్టాలేం కావు, మీ మొక్కలో కొమ్మ అక్కడ లేకపోతే ఉన్నచోటుతోనే సర్దుకోండి.

లావు కొమ్మ వైర్‌కి లొంగకపోతే మొండిగా పోరాడొద్దు. ఒక సన్న తీగను కొమ్మకి కట్టి కింద కుండీ అంచుకి గుంజి కట్టండి, బెరడు మీద తీగ ఆనేచోట చిన్న రబ్బరు ముక్క పెట్టండి. వారం వారం కాస్త బిగిస్తూ పోతే అదే దిగుతుంది.

రెమ్మలు విసనకర్రలా పరవడం

సన్న రెమ్మలకి 1 మిల్లీమీటర్ వైర్. ఇక్కడే ఓపిక అయిపోతుంది, నిజానికి చెట్టు చెట్టులా కనిపించడం మొదలయ్యేదీ ఇక్కడే. ఒక్కో కొమ్మ మీది రెమ్మల్ని ఎడమకీ కుడికీ మార్చి మార్చి విసనకర్రలా పరవండి, పైనుంచి చూసి ఒకదానిమీద ఒకటి పడకుండా ఖాళీలు పూడ్చండి. అడుగు భాగం చదునుగా ఉండాలి, కిందికి వేలాడేవి కత్తిరించండి. చివరలు మాత్రం కొంచెం పైకి ఎత్తి వదలండి, వెలుతురుకి ఎదురుగా ఉన్న చివరే బలంగా పెరుగుతుంది, కిందికి వంగిన చివర నీరసపడుతుంది.

ఇంకో పాత అలవాటు ఉంది, ఆకు చివరలన్నీ గోళ్లతో గిల్లుతూ కూర్చోవడం. జునిపర్ బలమంతా ఆ చివరల్లోనే ఉంది, అన్నీ గిల్లేస్తే నీరసించి లోపలి పచ్చదనం పోతుంది. పొడవెక్కిన రెమ్మను మాత్రమే, లోపలికి వెళ్లి, పుల్లగా మారిన చోట కత్తెరతో తియ్యండి. ఆకు మధ్యలో కోస్తే తెగిన అంచు గోధుమ రంగు తిరుగుతుంది.

ఇప్పుడు లేచి నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూడండి. ఇంకా అడ్డంగా ఉన్నవి ఇప్పుడు కత్తిరించండి. మూడో వంతు లెక్క మాత్రం మర్చిపోకండి, నేలమీద కుప్ప చూస్తే తెలిసిపోతుంది.

ఆ తర్వాత

నిండా నీళ్లు పోసి, నేరుగా ఎండ, ఎదురుగాలి తగలని చోట రెండు మూడు వారాలు పెట్టండి. పొద్దున సాయంత్రం ఆకు మీద నీళ్లు చిలకరిస్తే మంచిది. గడ్డకట్టే చలి ఉంటే దాన్నుంచి కాపాడండి. ఎరువు నెల దాటేదాకా వద్దు. ఆకు తగ్గింది కాబట్టి మట్టి ముందటికన్నా ఆలస్యంగా ఆరుతుంది, పాత అలవాటుగా రోజూ పొయ్యకుండా వేలు గుచ్చి చూసి పొయ్యండి. వైర్ చుట్టాక చచ్చిపోయే మొక్కల్లో వంచినందుకు చచ్చేవాటికన్నా తర్వాత నీళ్లు ఎక్కువై వేర్లు కుళ్లి చచ్చేవే నేను ఎక్కువ చూశాను.

కొన్ని నెలల తర్వాత పొలుసుల ఆకు మధ్య గుచ్చుకునే సూదుల్లాంటి ఆకు వస్తే, ఎక్కువ కత్తిరించామని మొక్క చెప్తున్నట్టు. పొలుసుల ఆకు రకాల సంగతి ఇది, ప్రొకంబెన్స్ నానాకి ఎప్పుడూ సూదులే ఉంటాయి. కంగారు లేదు, కదపకుండా వదిలేస్తే కొన్నేళ్లలో మళ్లీ పొలుసులకి తిరుగుతుంది. ఆకు దుమ్ము పట్టినట్టు పాలిపోతుంటే కింద తెల్లకాగితం పెట్టి కొమ్మను తట్టండి, కాగితం మీద చుక్కలు కదిలితే ఎర్రనల్లి పట్టింది. నీళ్లు గట్టిగా ఆకు అడుగు నుంచి కొట్టడం మొదటి మందు.

వైర్ ఎప్పుడు తియ్యాలి

వంచిన కొమ్మ అలాగే నిలబడేది వైర్ వల్ల కాదు, వంచాక దాని మీద పెరిగిన కొత్త చెక్క వల్ల. అంటే పెరగని కాలం లెక్కలోకి రాదు. శరదృతువులో చుట్టి వసంతం రాకముందే తీసేస్తే కొమ్మ దాదాపు పాత చోటికే పోతుంది, మొక్క మనం చెప్పింది వినలేదని కాదు, దానికి పెరిగే అవకాశమే రాలేదు. సన్న రెమ్మలకి ఒక పెరుగుదల కాలం చాలవచ్చు, లావు కొమ్మకి, కాండానికి ఏడాది పైనే పట్టొచ్చు, జునిపర్ ఈ విషయంలో బాగా నిదానం.

ఇంకోవైపు పెరిగే కొమ్మ వైర్‌ను మింగెయ్యడం మొదలుపెడుతుంది. చిగుళ్లు వస్తున్నంత కాలం రెండు వారాలకోసారి చూడండి, ముఖ్యంగా తల భాగం, ముందు కోసుకుపోయేది అక్కడే. వైర్ పక్క బెరడు ఉబ్బినట్టు కనిపిస్తే ఆ వైర్ ఆ రోజే రావాలి, రూపం కుదిరినా కుదరకపోయినా. మొక్కంతా ఒకేసారి విప్పాలని లేదు, బిగిసిన చోట మాత్రమే తియ్యండి.

విప్పే ప్రయత్నం చెయ్యకండి. వైర్ చౌక, కొమ్మ కాదు. కట్టర్‌తో ప్రతి చుట్టునూ ఒక్కోచోట కొరికి ముక్కలుగా రాల్చండి, సన్న చివర నుంచి లావు వైపు. తీశాక కొమ్మ సగం వెనక్కి పోతే కొన్ని వారాలు ఊపిరి తీసుకోనిచ్చి మళ్లీ చుట్టండి, కానీ ఈసారి ఎదురు దిక్కులో, మొదటిసారి కుడికి తిరిగితే ఇప్పుడు ఎడమకి. పాత వైర్ గుర్తులున్న గాడిలోనే కొత్తది పడితే ఆ మచ్చ ఇక పోదు.